నవ్వు నెంబరు ఏడు

మా ములకలలంకలో చనిపోయాక కూడా పద్నాలుగు వారాలు డ్యూటీ చేసిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ పేరు వరహాలమ్మ. నేను చెప్పేవాటిలో సగం కోతలని మా ఊళ్ళో ఒక వాడుక ఉంది. ఇది ఆ సగంలోది కాదు. దీనికి ఆఫీసు కాగితాలున్నాయి, వాటి మీద గుండ్రటి ముద్రలున్నాయి.

వరహాలమ్మ దర్జీ నూకరాజు భార్య. ఆవిడ నవ్వు గురించి ముందు చెప్పాలి. అది గొంతులో మొదలయ్యేది కాదు. ఎక్కడో మడమల దగ్గర బయల్దేరి, మోకాళ్ళ దగ్గర కాసేపు ఆగి, నడుం దాటాక దౌడు తీసేది. ఆవిడ మా రేవులో నవ్విందంటే గోదావరి అవతలి గట్టున ఉన్నవాళ్ళు లాంచీ కూత వేసిందనుకుని మూటలు నెత్తిన పెట్టుకునేవారు. రెండుసార్లు లాంచీ డ్రైవరే మోసపోయి, తన లాంచీ తనని వదిలేసి వెళ్ళిపోయిందని ఒడ్డు వెంట పరిగెత్తాడు.

నూకరాజు దీనికి పూర్తిగా తలకిందులు. పాతికేళ్ళ స్నేహంలో అతను నవ్వగా నేను చూడలేదు. నోట్లో ఎప్పుడూ రెండు మూడు గుండుసూదులుండేవి. నవ్వితే మింగుతానేమోనని మొదట్లో ఆపుకునేవాడట. ఆపుకోగా ఆపుకోగా అదే అలవాటైపోయింది. "మా ఇంట్లో నవ్వే పని ఆవిడది, కుట్టే పని నాది బావా" అనేవాడు, సూదుల సందులోంచి.

ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం రేడియోలో 'గవరయ్య గారి గడియారం' అని ఒక హాస్య నాటిక వచ్చేది. గవరయ్య గారింట్లో గోడ గడియారం నలభై నిమిషాలు ముందు నడుస్తుంది. ఆయన దాన్నే నమ్ముతాడు. అంచేత విందులకి పొయ్యి వెలిగించకముందే వెళ్ళి విస్తరి ముందు కూర్చుంటాడు, చావు పరామర్శకి మనిషింకా మాట్లాడుతుండగానే వెళ్ళి ఓదారుస్తాడు. అంతే కథ. తొమ్మిదేళ్ళు నడిచింది. ఆ పావుగంటా మా ఊళ్ళో బావిలో చేద పడిన చప్పుడుండేది కాదు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో, దాని నెత్తిన లౌడుస్పీకరు, దాని కింద ఊరంతా.

ఒక ఏడాది రేడియోవాళ్ళు వ్యాను వేసుకుని మా ఊరొచ్చి, బడి ఆవరణలో జనం ముందే నాటిక రికార్డు చేశారు. గవరయ్య వేషం ఆయన మొదటి మాట అనేసరికి మూడో వరసలో వరహాలమ్మ నవ్వింది. నిమిషం మీద పది సెకన్లు నవ్వింది. ఆవిడ నవ్వినంతసేపూ గవరయ్య గారు చేతిలో కాగితం పట్టుకుని, బస్సు తప్పిపోయినవాడిలా నిలబడ్డారు. చెవులకి గొట్టాలు తగిలించుకున్న రికార్డింగు ఇంజనీరు దస్తగిరి గారు మాత్రం టేపు ఆపలేదు. పట్నం వెళ్ళాక ఆ ముక్కని బ్లేడుతో కోసి, చిన్న చక్రానికి చుట్టి, 'నవ్వు నెంబరు ఏడు' అని చీటీ అంటించారు. అంతకుముందు ఆ కేంద్రంలో ఆరు నవ్వులుండేవి. వాటిలో నాలుగు, పైఅధికారి హాస్యమాడినప్పుడు సిబ్బంది నవ్వినవి. అవి పనికొచ్చేవి కావు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం గవరయ్య గారు నోరు విప్పగానే మా వరహాలమ్మే నవ్వేది. ఒప్పందం లేని గొంతు గాలిలోకి పోకూడదని నియమం ఉంది కనక, ఆవిడని పట్నం పిలిపించి వేలిముద్ర వేయించుకున్నారు. 'నవ్వు కళాకారిణి, బి గ్రేడు.' ఆ కాగితాన్ని నూకరాజు అద్దం కట్టించి కుట్టుమిషను పైన గోడకి తగిలించాడు.

అలా మూడేళ్ళు నవ్వి, ఒక ఆషాఢంలో, నాలుగు రోజుల జ్వరంతో వరహాలమ్మ పోయింది.

పిల్లల్లేరు. నూకరాజు తినడం మానేశాడు. మా ఆవిడ పంపిన క్యారేజీ పంపినట్టే తిరిగొచ్చేది. ఆ వారం పంచాయతీవాళ్ళు మర్యాదకని రేడియో పెట్టలేదు. ఆపై ఆదివారం నూకరాజే వెళ్ళి మీట తిప్పాడు. గవరయ్య గారు ఏదో అన్నారు. వరహాలమ్మ నవ్వింది. అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నూకరాజు ఒక్కడూ కూర్చునే విన్నాడు. ఆ మధ్యాహ్నం క్యారేజీ ఖాళీగా తిరిగొచ్చింది. అప్పట్నుంచి ఆదివారం అన్నం, మిగతా ఆరు రోజులూ మంచినీళ్ళు, మరీ బతిమాలితే ఒక అరటిపండు. ఈ లెక్కన ఆదివారాలే ఆ మనిషిని మోస్తున్నాయని మాకు తెలుసు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. రేడియోవాళ్ళకి కృతజ్ఞత చెప్పాలన్నాడు నూకరాజు. ఊళ్ళో అర్జీలు రాసే చెయ్యి నాదే. అంచేత కార్డు నేనే రాశాను: "అయ్యా, నా భార్య వరహాలమ్మ గతించి పద్నాలుగు వారములైనది. అయినను తమరు ప్రతి ఆదివారము ఆమెచే నవ్వించుచున్నారు. మీ మేలు మరువలేను." అక్షరాలు ముత్యాల్లా వచ్చాయని నేనే రెండుసార్లు చదువుకున్నాను. గురువారం శ్రోతల ఉత్తరాల్లో దాన్ని చదివారు కూడాను. ఊరంతా పొంగిపోయింది. శనివారానికల్లా రిజిస్టరు ఉత్తరం వచ్చింది.

"విషయము: మృతి చెందిన కళాకారిణి అనధికారముగా నవ్వుట గురించి. సదరు కళాకారిణి తాను మరణించిన సంగతి ఈ కార్యాలయమునకు తెలియపరచక, వరుసగా పద్నాలుగు ఆదివారములు నవ్వియున్నారు. ప్రసార దినమున సజీవులు కానివారి నవ్వు ప్రసారయోగ్యము కాదు. కావున కళాకారిణి ఏడు దినములలోగా స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెను. లేనియెడల నవ్వు నెంబరు ఏడు చెరిపివేయబడును."

ఆ ఆదివారం గవరయ్య గారి మాటకి నవ్వు నెంబరు రెండు వేశారు. అది వినడానికి ఎవరో పొలమారి దగ్గుతున్నట్టుంది. క్యారేజీ తిరిగొచ్చింది, నిండుగా.

సోమవారం పొద్దున్నే లాంచీ ఎక్కి ఇద్దరం పట్నం వెళ్ళాం.

కేంద్రాధికారి పేరు పంతుల సీతాపతి గారు. ఆయన మాట్లాడుతుంటే ప్రతి వాక్యం చివరా సంతకం వినిపించేది.

"కళాకారిణి హాజరయ్యారా?"

"లేదండీ. పోయిందండీ" అన్నాడు నూకరాజు.

"ఆ విషయం మీ ఉత్తరం వల్ల తెలిసింది. నేనడుగుతున్నది హాజరు గురించి."

నూకరాజు నా వైపు చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను. "అయ్యా, ఆవిడ నవ్వింది బతికున్నప్పుడేనండి. అంచేత ఆ నవ్వు బతికున్న మనిషి నవ్వేనండి."

"ఎప్పుడు నవ్వారన్నది మాకు అప్రస్తుతం. ఎప్పుడు వినిపించిందన్నది ప్రస్తుతం. ఉత్తరం చదవడానికి ముందు ఆదివారం, ఒంటిగంటా ఇరవైకి ఆ నవ్వు వినిపించింది. ఆ సమయానికి కళాకారిణి సజీవులా, కాదా?"

నూకరాజు చేతులు కట్టుకున్నాడు. "నాకైతే ఉన్నట్టే అనిపించిందండీ."

"అనిపించడం కుదరదు. మునసబు గారి ధ్రువపత్రం కావాలి."

"మరి పాటలు పాడినోళ్ళు ఎంతమంది పోలేదండీ, రోజూ పాడుతున్నారు గదా" అన్నాను.

"అవి గ్రామఫోను రికార్డులు. వాటికి వేరే ఫైలుంది. పాట శాశ్వతం. నవ్వు తాత్కాలిక పద్దు కింద వస్తుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడండి, మాకూ మానవత్వం ఉంది. కానీ చనిపోయినవాళ్ళని ఇవాళ నవ్వనిస్తే, రేపు వార్తలు చదువుతామంటారు."

దస్తగిరి గారు అప్పటిదాకా గోడవారన టేపుల జాబితా పట్టుకుని నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, తెల్లగడ్డం, ఎప్పుడూ ఏదో దూరపు చప్పుడు వింటున్నట్టు తల ఒక పక్కకి వాలి ఉండేది. ఆయన మెల్లిగా అన్నారు. "అయ్యా, సర్వీసులో ఉండగా పోయినవారి కుటుంబంలో ఒకరికి అదే పని ఇవ్వొచ్చునని ఉంది గదండీ. కారుణ్య నియామకమని."

సీతాపతి గారి ముఖం దీపం పెట్టినట్టయింది. నిబంధనల పుస్తకం తీసి, వేలితో వరస వెంట నడిచి, ఒకచోట ఆగారు. "కళాకారిణి సర్వీసులో ఉండగానే మరణించారా?"

"నవ్వుతుండగా కాదండీ" అన్నాడు నూకరాజు.

"ఒప్పందం అమలులో ఉండగా."

"ఆయ్, అప్పుడేనండీ."

"అయితే భర్తకు నవ్వే అర్హత కలదు. స్వర పరీక్ష పై శనివారం. అందులో నెగ్గినవారి నవ్వు ఎనిమిదో నెంబరుగా నమోదవుతుంది. ఏడు చెరిపివేయబడుతుంది."

నూకరాజు మొహం తెల్లకాగితమైంది. "నేనాండీ? నాకు నవ్వడం రాదండీ. వినడమే వచ్చండీ."

"అనుభవం అవసరం లేదు" అన్నారు సీతాపతి గారు. "ఇది కారుణ్యం."

దరఖాస్తులో 'అభ్యర్థి నవ్వు సహజమైనదని ఎరిగినవారి సంతకము' అని ఒక గీత ఉంది. అక్కడ నేను సంతకం పెట్టాను. నా జీవితంలో పెట్టిన దొంగ సంతకం అదొక్కటే. మిగతావన్నీ వేరేవాళ్ళ పేర్లతో పెట్టాను, కనక వాటికి నా బాధ్యత లేదు.

ఆ అయిదు రోజులూ ఊరు ఊరంతా నూకరాజుకి నవ్వు నేర్పింది. బడిపంతులు నల్లబల్ల మీద హ, హా, హి, హీ రాసి వల్లె వేయించాడు. మంగలి వీరాస్వామి కితకితలు పెడితే నూకరాజు "కొలతలు తీసుకుంటున్నావేట్రా?" అని అడిగాడు. ఆఖరికి నేను నా పెద్ద కథ తీశాను. వరదలప్పుడు మా మేనమామ ఒక వాలుగ చేప మీద కూర్చుని సముద్రం దాకా వెళ్ళి, అక్కడ లైట్‌హౌసు దగ్గర చుట్ట వెలిగించుకుని, అదే చేప మీద తిరిగొచ్చిన కథ. ఆ కథకి కోర్టు అమీనా కూడా నవ్వాడు. నూకరాజు శ్రద్ధగా అంతా విని, "పాపం, ఆ చేపకి తిండేం పెట్టారు బావా?" అన్నాడు.

శనివారం స్వర పరీక్ష. బోర్డులో ముగ్గురు. సీతాపతి గారు, సంగీతం అధికారి, ముగ్గురుండాలి గనక వ్యవసాయం అధికారి. వాళ్ళూ, మీటల ముందు దస్తగిరి గారూ, సంతకం పెట్టిన పాపానికి నేనూ, అద్దానికి ఇవతలున్నాం. అవతల మందపాటి తలుపు వేసిన గదిలో మైకు ముందు నూకరాజు ఒక్కడే. తలుపు దగ్గర రిజిస్టరులో 'లోపలికి వెళ్ళినవారు: ఒకరు' అని రాశారు. ఎర్రదీపం వెలిగింది.

"అభ్యర్థికి మూడు అవకాశాలు. మొదటిది. నవ్వండి" అన్నారు సీతాపతి గారు.

టేపు తిరిగింది. నూకరాజు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. "క్షమించండీ. సూదుల్లేకపోతే నోరెలా పెట్టుకోవాలో తెలీట్లేదండీ."

"ఒకటి గతం. రెండవది."

ఈసారి చప్పుడైతే వచ్చింది. గ్లాస్కో గుడ్డని అడ్డంగా చింపినట్టు వచ్చింది. సంగీతం అధికారి "శ్రుతి లేదు" అని రాసుకున్నారు. వ్యవసాయం అధికారి పక్క కాగితంలోకి చూసి తనూ అదే రాసుకున్నారు. అద్దం అవతల నూకరాజు మెడ వంచుకుని, తన రెండు చేతుల్నీ ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. ఎనిమిది రాకపోయినా ఏడు పోతుందని అతనికి తెలుసు. నాకూ తెలుసు. ఆ కార్డు రాసిన కుడిచేతిని నేను జేబులో పెట్టేసుకున్నాను.

"అయ్యా" అన్నారు దస్తగిరి గారు, "నమూనా ఒక్కసారి వినిపిస్తే అభ్యర్థికి దారి తెలుస్తుందండి."

సీతాపతి గారు పుస్తకం చూశారు. "చెరిపివేతకు ముందు పరిశీలన నిమిత్తం ఒకసారి వినవచ్చు. అనుమతించడమైనది. ఇదే మూడవ అవకాశం."

అక్కడ ఒక పద్ధతుంది. మైకు తెరిచి ఉంటే మీట నొక్కి లోపలి స్పీకరు నోరు మూయాలి. లేకపోతే స్పీకరులో చప్పుడు కూడా మైకులోకి దూరి టేపు మీదికి ఎక్కుతుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో దస్తగిరి గారు ఆ మీట ఏనాడూ మరిచిపోలేదు. ఆ రోజు మరిచిపోయారు.

వరహాలమ్మ నవ్వింది.

మడమల దగ్గర బయల్దేరి, మోకాళ్ళ దగ్గర ఆగి, నడుం దాటి దౌడు తీసింది. నూకరాజు తలెత్తి స్పీకరు వైపు చూశాడు. అతని చెయ్యి పెదాల దగ్గరికి వెళ్ళింది. నోట్లో లేని గుండుసూదిని తీసి బల్ల మీద పెట్టాడు. రెండోది తీసి దాని పక్కన పెట్టాడు. మూడోది కూడా పెట్టాడు. అప్పుడు నవ్వాడు.

పాతికేళ్ళ నవ్వు ఒక్క పెట్టున వస్తే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. చెప్పినా మీరు కోతలంటారు. ఆవిడ ఊపిరి తీసుకున్నచోట అతనూ తీసుకున్నాడు, ఆవిడ మళ్ళీ అందుకున్నచోట అందుకున్నాడు. ఒక్క మలుపు దగ్గర కూడా తడబడలేదు. నిమిషం మీద పది సెకన్లకి ఇద్దరూ ఒకేసారి ఆగారు. కళ్ళజోడు తుడుచుకోవడానికి దస్తగిరి గారు అటు తిరిగారు. ఆయనకి కళ్ళజోడు లేదు.

బోర్డు రికార్డు విన్నది.

"ఇందులో రెండు గొంతులు వినిపిస్తున్నాయి" అన్నారు సంగీతం అధికారి.

సీతాపతి గారు తలుపు దగ్గర రిజిస్టరు తెప్పించారు. "లోపలికి వెళ్ళినవారు ఎందరు?"

"ఒకరండి."

"అయితే గొంతు ఒకటే."

"చివర్లో కొంచెం ఏడుపులా ఉందండి" అన్నారు వ్యవసాయం అధికారి.

"మనం పరీక్షించినది నవ్వును. ఏడుపుకు వేరే దరఖాస్తు చేసుకోవాలి. ఈయన చేసుకోలేదు. కాబట్టి అది ఏడుపు కాదు." ఆయన కలం తీశారు. "నవ్వు నెంబరు ఎనిమిది. కళాకారుడు నూకరాజు. పురుషుడు. సజీవుడు. బి గ్రేడు."

ఆ సాయంత్రమే ఏడో నెంబరు చెరిపేశారు. చెరిపినట్టు ధ్రువపత్రం నా దగ్గరుంది. ఆ టేపు మీద వరిలో దోమపోటు గురించి ప్రసంగం ఎక్కించారు. విన్నవాళ్ళు బాగుందన్నారు.

మర్నాడు ఆదివారం. గవరయ్య గారు ఏదో అన్నారు. లౌడుస్పీకరులో వరహాలమ్మ నవ్వింది. ఆవిడ పక్కనే, ఒక అడుగు వెనకగా నడుస్తున్నట్టు, ఇంకో నవ్వు. "ఆ మగగొంతెవరిదిరా?" అని మునసబు గారు అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. మా ఊళ్ళో ఎవరూ ఎన్నడూ విన్న గొంతు కాదు.

నూకరాజు క్యారేజీ విప్పుకుంటూ, "ఇన్నాళ్ళూ ఒక్కత్తే నవ్వుకుంది బావా" అన్నాడు. తర్వాత పప్పులో ఉప్పు తగ్గిందని మా ఆవిడకి కబురు పెట్టాడు. అది విని మా ఆవిడ ఎంత సంతోషించిందో, తర్వాత ఎంత కోప్పడిందో, అదొక కథ.

ఒప్పందం కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతుంది. 'కళాకారుడు ప్రతి నవంబరు మాసమున స్వయముగా హాజరై, తాను సజీవుడనని రుజువు చేసుకొనవలెను. లేనియెడల నవ్వు నెంబరు ఎనిమిది చెరిపివేయబడును.' దాన్ని నేను నూకరాజుకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. ఆ మర్నాడు సోమవారం. క్యారేజీ ఖాళీగా వచ్చింది. మంగళవారం కూడా.

ఇది జరిగి ముప్పై ఏళ్ళు దాటింది. నూకరాజుకిప్పుడు ఎనభై. అంత జాగ్రత్త గల మనిషి మా జిల్లాలో లేడు. నీళ్ళు కాచి తాగుతాడు. చినుకు పడితే గొడుగు కింద మరో గొడుగు పట్టుకుంటాడు. మూడేళ్ళ కిందట పెద్ద జబ్బు చేస్తే డాక్టరు పెదవి విరిచాడు. నూకరాజు మంచం మీంచి, "నవంబరు దాటుతుందాండీ?" అని అడిగాడు. దాటడం కష్టమన్నాడు డాక్టరు. "అయితే కుదరదండీ" అని లేచి కూర్చున్నాడు. ఆ డాక్టరే ఈమధ్య పోయాడు.

నాటిక ఇప్పటికీ ఆదివారం వస్తోంది, పాత రికార్డులే. నియమం మాత్రం తు.చ. తప్పకుండా అమలవుతోంది. గవరయ్య వేషం ఆయన పోయినప్పుడు ఆయన మాటలు తీసేశారు. భార్య వేషం ఆవిడ పోయినప్పుడు ఆవిడవీ తీసేశారు. పక్కింటాయన, రైల్వే గార్డు, వంట బ్రాహ్మడు, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇప్పుడు పావుగంటలో గడియారం టిక్కు టిక్కుమంటుంది. దానికి ప్రాణం లేదు గనక ధ్రువపత్రం అక్కర్లేదు. మధ్యమధ్య ఆ నవ్వు. అయినా మా ఊళ్ళో పాతవాళ్ళం అరుగు మీద చేరుతాం. ఎక్కడ ఎవరేమన్నారో మాకు నోటికి వచ్చు.

మొన్న నవంబరులో నూకరాజుని పట్నం తీసుకెళ్ళి, నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. దస్తగిరి గారి మీటలు ఇప్పుడు వేరెవరి చేతిలోనో ఉన్నాయి. కొత్తగా వచ్చిన అధికారి కుర్రాడు. కాగితం ముందు పెట్టుకుని, తలెత్తకుండా, రాసి ఉన్న ప్రశ్న చదివాడు.

"సజీవులుగా ఉన్నారా?"

"ఉన్నామండీ" అన్నాడు నూకరాజు. "ఇద్దరం ఉన్నామండీ."

కుర్రాడు ఎత్తిన కలం పట్టుకుని, కాగితం మీద సంఖ్య రాయాల్సిన గడి వంక చూశాడు. దాంట్లో ఒక్క అంకెకే చోటుంది. ఒకటి వేసుకుని, ముద్ర కొట్టాడు.